నడిచిన అడుగులు, చూపిన అడుగులు

ధ్యాన వాక్యభాగము: 2 రాజులు 5:20-27



ఈ మాసము ధ్యానమునకు గేహజీ చరిత్రను తీసికొనుచున్నాము. ఈ భాగమును మేము అనేక పర్యాయములు బోధించియున్నాము. ఎప్పుడు బోధించినను ధనాశను గూర్చియే బోధించితిమి: నయమాను ఇచ్చిన వెండి, దుస్తులు, చివరకు గేహజీకి అంటిన కుష్ఠు. అయితే ఈ యేడు ఒక చేతి గడియారము వలన ఈ అధ్యాయములో మరియొక సంగతి మా కంటబడినది. ఎలీషా గేహజీని వెండి సంగతి అడుగలేదు. ఎక్కడనుండి వచ్చుచున్నావని అడిగెను. గేహజీ తాను ఎక్కడికిని కదలలేదని చెప్పెను. నయమాను రథము వెంట పరుగెత్తి, మూటలతో తిరిగి వచ్చిన మనుష్యుడు ఒక్క అడుగైనను వేయలేదని తన యజమానుని యెదుట నిలిచి చెప్పెను. అతడు నోటితో ఆడిన ఆ అబద్ధము అడుగులను గూర్చినది.

హోసూరు వారికి గడియారము క్రొత్త వస్తువు కాదు. టాటా వారును తమిళనాడు పారిశ్రామిక అభివృద్ధి సంస్థయు కలిసి 1984లో ఆరంభించిన టైటాన్ సంస్థ తన గడియారాల కర్మాగారమును హోసూరులోనే నెలకొల్పినది. చుట్టుపట్ల పల్లెలలో బడి చదువు ముగించిన పిల్లలను తీసికొని పని నేర్పినది. అదే సంస్థ 2020లో హైదరాబాదునకు చెందిన హగ్ ఇన్నోవేషన్స్ అను చిన్న సంస్థను కొని స్మార్ట్‌వాచీల పనిని పెంచుకొనినది. మా తండ్రుల గడియారమునకు కీ ఇచ్చినచో సమయము చెప్పి ఊరకుండెడిది. ఇప్పటి గడియారము మన సంగతులను ఇతరులకు కూడ చెప్పుచున్నది.

మన సంఘములలో అరువది యేండ్లు దాటినవారి చేతులకు ఇవి ఎట్లు వచ్చినవో మీకు తెలిసినదే. పిల్లలు దుబాయినుండియు బెంగుళూరునుండియు అమెరికానుండియు పంపుదురు. పెట్టె విప్పుటకు ఒక పూట, దానిని ఫోనుకు కలుపుటకు ఒక వారము. ఆదివారము ఆరాధన ముగియగానే ముగ్గురు నలుగురు ఫోను చేతపట్టుకొని మా యొద్దకు వచ్చుట అలవాటైనది. బాప్తిస్మపు తరగతికంటె ఈ తరగతికే హాజరు ఎక్కువని సంఘ పెద్ద ఒకరు హాస్యమాడిరి.

అక్కరగలవారి కొరకు ఆ కొద్ది సంగతులు ఇచ్చట వ్రాయుచున్నాము. ఫోనులో బ్లూటూత్ వేసియుండవలెను. గడియారమును ఆ గడియారపు యాప్‌లోనుండియే చేర్చవలెను. ఫోను సెట్టింగులలో కనబడిన పేరును నొక్కినంత మాత్రమున చాలామట్టుకు లెక్కలు దిగవు. పాత ఆండ్రాయిడ్ ఫోనులు లొకేషన్ అనుమతి అడుగును. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 మొదలుకొని, సమీపములోని పరికరముల అనుమతి అని వేరుగా అడుగును. భయపడి వద్దని నొక్కినవారు మరల సెట్టింగులలోనికి పోయి ఆ అనుమతి ఇయ్యవలెను. బ్యాటరీ ఆదా చేయు ఏర్పాటు కొన్ని ఫోనులలో ఆ యాప్‌ను నిద్రపుచ్చును. దానికి మినహాయింపు ఇచ్చినచో మేలుకొనును. పాత ఫోనుతో కట్టబడిన గడియారము అనేక పర్యాయములు క్రొత్త ఫోనుతో కలియదు, ముందు పాతదానినుండి విడిపించవలెను. ఇద్దరు యజమానుల సంగతి దానికి కూడ తెలిసినట్లున్నది.

బ్లూటూత్ అను పేరు పదియవ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్‌ది. నీలి పల్లు అని ఆయనకు మారుపేరు. తాను దేశమును ఏకము చేసితిననియు డేనులను క్రైస్తవులుగా చేసితిననియు యెల్లింగ్ అను ఊరిలో రాతిమీద చెక్కించుకొనెను. వేర్వేరు యంత్రములను కలుపు ఏర్పాటునకు ఈ రాజు పేరు తగునని 1997లో ఇంటెల్ సంస్థ ఇంజనీరు జిమ్ కార్డాక్ సూచించెను. రాజు ఆజ్ఞచేత దేశమంతయు క్రైస్తవమగుట బాప్టిస్టులమైన మనకు రుచించని సంగతియే. అయినను పేరు కథ బాగున్నది.

ఈ గడియారము పనిచేయు తీరు తెలిసినగాని తరువాతి సంగతి బోధపడదు. దానిలో కదలికను కొలుచు చిన్న పరికరమున్నది. చేయి ఊగు తీరును మూడు దిక్కులలో కొలిచి, ఆ ఊపును అడుగుగా లెక్కించును. కాలిని అది చూడనే చూడదు. బిందె చంకనెత్తుకొని చేయి కదపక నడిచిన స్త్రీకి అడుగులు తక్కువ పడును. కూర్చున్నచోటనే చప్పట్లు కొట్టి పాడినవారికి కొన్ని అడుగులు ఎక్కువ పడవచ్చును. వెనుక ప్రక్కనున్న పచ్చని వెలుగు మణికట్టు చర్మముమీద పడును. రక్తము పొంగి తగ్గుకొలది తిరిగివచ్చు వెలుగు మారును, దానినిబట్టి గుండె కొట్టుకొను వేగమును లెక్కించును. అయితే అది ఎవరి మణికట్టో దానికి తెలియదు.

లెక్కలు మొదట గడియారములోనే నిలిచియుండును. ఫోను సమీపమునకు వచ్చి బ్లూటూత్ కలిసినప్పుడు ఫోనులోనికి దిగును. దీనినే సింక్ అందురు. ఫోనునుండి ఇంటర్నెట్టుద్వారా సంస్థవారి కంప్యూటర్లకు, అక్కడనుండి మనము అనుమతించిన కుమారుని ఫోనుకో కుమార్తె ఫోనుకో పోవును. గడియారమునకు జ్ఞాపకము కొద్ది. ఫిట్‌బిట్ వారి పరికరములు నిమిష నిమిషపు వివరమును ఏడు దినములు, దినపు మొత్తములను ముప్పది దినములు దాచును. ఆలోగా ఫోనునకు దగ్గరకు తేకపోయినచో మొదట వివరము పోయి మొత్తము మిగులును, తరువాత మొత్తము కూడ పోవును.

ఏడు దినములు అను మాటయొద్ద మేము ఆగితిమి. మన ఒప్పుకోలు ప్రార్థనలను ఆలోచించుడి. సోమవారము ఎవరిని ఏ మాటతో నొప్పించితిమో మంగళవారము జ్ఞాపకముండును. దేవుని సన్నిధికి రాక రెండు వారములు గడిచినచో వివరము పోవును, మొత్తము మాత్రము మిగులును. అప్పుడు, ప్రభువా మేము పాపులము అని మొత్తము చెప్పి ముగింతుము. ఆ ప్రార్థన తప్పు కాదు గాని, ఎవరి ఇంటికి పోయి క్షమాపణ అడుగవలెనో అందులో ఉండదు.

ఇక మత్తూరు సంగతి. అక్కడ మన సంఘమునకు చెందిన తల్లి ఒకరున్నారు. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాము, పేరు వ్రాయము. ముప్పది యేండ్ల క్రిందట భర్తతో కూడ చీమకుర్తి ప్రాంతమునుండి వచ్చెను. అక్కడ నల్లరాయి, ఇక్కడ కృష్ణగిరి రాయి. రాతిపని తెలిసినవానికి భాష రాకపోయినను కూలి దొరికెను. భర్త ప్రభువునందు నిద్రించి ఆరేండ్లయినది. కుమారుడు దుబాయిలో ఉద్యోగము చేయుచున్నాడు. తనతో రమ్మని అడిగినను ఆమె మత్తూరును విడువలేదు. మామిడి తోటల ప్రక్కన రెండు గదుల ఇల్లు, గురువారపు ప్రార్థన కూటము, చుట్టుప్రక్కల తమిళ ఇండ్లవారి స్నేహము ఆమెకు చాలును.

ఆమెకు చాలా యేండ్లుగా షుగరు. వైద్యుడు నడువుమని చెప్పగా కుమారుడు గడియారము పంపెను. దానిని ఆమె ఫోనుకును, ఆమె లెక్కను కుమారుని ఫోనుకును కలిపినది మేమే. దినమునకు పదివేల అడుగులని కుమారుడు నియమించెను. మొదటి నెలలో నాలుగు వేలు, నాలుగున్నర వేలు పడెను. ప్రతి రాత్రి కుమారుడు ఫోను చేసి, "ఏమ్మా, ఇవాళ ఇంతేనా?" అని అడిగెడివాడు. తరువాత ఉన్నట్టుండి అంకె తొమ్మిది వేలాయెను, పదివేలాయెను, ఒకనాడు పదునాలుగు వేలాయెను. మేము సంతోషించి ఆదివారము ఆరాధనలో ఆమెను సాక్ష్యము చెప్పుమంటిమి. ఆమె లేచి, "అంతా దేవుని కృప అయ్యగారూ" అని మాత్రము చెప్పి కూర్చుండెను. లేచునప్పుడు ప్రక్కనున్న సహోదరి భుజము పట్టుకొని లేచెను. మేము దానిని చూచితిమి. చూచియు ఆలోచింపలేదు.

ఒక రాత్రి తొమ్మిది దాటిన తరువాత దుబాయినుండి మాకు ఫోను వచ్చెను. "అయ్యగారూ, సాయంత్రం అయిదున్నర నుంచి గంటసేపు అమ్మ గుండె నిమిషానికి నూట అరవై దాకా కొట్టుకుంది. ఇప్పుడే సింక్ అయింది, ఇప్పుడే చూశాను. ఫోను చేస్తుంటే ఎత్తట్లేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి పోయి చూడండి" అని ఏడ్చెను. ఒక సహోదరుని కారులో హోసూరునుండి బయలుదేరితిమి. కృష్ణగిరి దాటి మత్తూరు చేరువరకు పెదవులతో ప్రార్థించితిమి. మనస్సులో మాత్రము భూస్థాపన కార్యక్రమమునకు ఎవరెవరికి కబురు చేయవలెనని ఆలోచించుచుంటిమి. దాచనేల, అది మా విశ్వాసపు కొలత.

తలుపు కొట్టగా ఆమెయే తీసెను. నిద్రనుండి లేచి వచ్చెను, గుండెకు ఏమియు కాలేదు. కుడికాలికి గుడ్డ చుట్టియుండెను. ప్రక్క ఇంట ఏడవ తరగతి చదువు పిల్లవాడొకడున్నాడు, ఆమెను పాట్టి అని పిలుచును. ప్రతి సాయంత్రము గడియారమును వాని చేతికి కట్టి ఆటకు పంపుచుండెను. వాడు పరుగెత్తిన అడుగులు ఆమె లెక్కలో పడుచుండెను. ఆ దినము వాడు క్రికెట్టు ఎక్కువసేపు ఆడి, చీకటి పడిన తరువాత గడియారము తెచ్చి ఆమె ఫోను ప్రక్కన పెట్టి పోయెను. రెండును దగ్గరకు రాగానే లెక్క దిగి దుబాయికి పోయెను. అడుగులు దాచుకొనవచ్చునని ఆమె యెంచెను. గుండె లెక్క కూడ వెంట పోవునని ఆమెకు తెలియదు.

గుడ్డ విప్పి చూడగా బొటనవ్రేలి క్రింద పుండు. ఇరువది దినములు దాటినది. "చెప్పు కరిచింది, అదే మానుతుందనుకున్నాను అయ్యగారూ. నొప్పి కూడా లేదు. వాడికి చెబితే పని మానుకొని పరుగెత్తుకొస్తాడు, అప్పు ఇంకా తీరలేదు. అడుగులు తగ్గితే ఎందుకని అడుగుతాడు గదా..." అని ముఖము కొంగుతో కప్పుకొనెను. ఈ సంగతి మన తల్లిదండ్రులందరును తెలిసికొనవలెను: షుగరు చాలాకాలమున్నవారికి పాదములలో స్పర్శ తగ్గును, అందుచేత పుండు లోతుగా పోవుచున్నను నొప్పి తెలియదు. నొప్పి లేదనుట మేలునకు గురుతు కాదు. ప్రతి రాత్రి అరికాలు చూచుకొనవలెను, కన్ను సరిగా కనబడనివారు ఇంటివారిని చూడమనవలెను. మరునాడు కృష్ణగిరిలో వైద్యునికి చూపితిమి. ఇంకను రెండు వారములు ఆలస్యమైనచో వ్రేలితో ఆగెడిది కాదని ఆయన చెప్పెను. పదునాలుగు వేల అడుగులని మేము సంతోషించి సాక్ష్యము చెప్పించిన దినమున ఆ కాలిలో ఆ పుండు ఉన్నది.

తిరిగి వచ్చు దారిలో గేహజీ జ్ఞాపకమునకు వచ్చెను. ఆ తల్లిని గేహజీతో పోల్చుట మాకు ఇష్టము లేదు. అతడు మూటల కొరకు అబద్ధమాడెను, ఆమె కుమారుని మీద భారము పడకూడదని దాచెను. అతడు నడిచి నడువలేదనెను, ఆమె నడువక నడిచినట్లు చూపెను. అయినను ఎలీషా గేహజీతో చెప్పినదానిని గమనించుడి. ఆ మనుష్యుడు రథము దిగి నీకు ఎదురు వచ్చినప్పుడు నా హృదయము నీ వెంటనే యున్నదని ఆయన మాటల భావము. దొంగను పట్టుకొనుటకు గూఢచారిని పంపినవాడు అట్లు చెప్పడు. తన సేవకుని విడువలేక మనస్సుతో వెంట నడిచినవాడు అట్లు చెప్పును. గేహజీ ఆ గదిలోనికి వచ్చినప్పుడు ఎలీషా అడిగిన ప్రశ్న ఒక తలుపు. నిజము చెప్పి లోపలికి రావచ్చును. అతడు దానిని మూసికొనెను.

139వ కీర్తనలో దావీదు చెప్పినదియు ఇదే. తాను నడుచుట మాత్రమే గాక, కూర్చుండుటయు పండుకొనుటయు దేవునికి తెలియునని అతడు ఆశ్చర్యపడెను. గడియారమునకు కూర్చున్న మనుష్యుడు సున్న. దేవునికి అట్లు కాదు. పుండు పడిన కాలిని పీటమీద చాపుకొని ఆమె ఒంటరిగా కూర్చుండిన సాయంకాలములు ఆయన లెక్కలో ఉన్నవి. 56వ కీర్తనలో, తరుమబడి ఊరూర తిరిగిన దావీదు తన తిరుగుళ్లను దేవుడు లెక్కపెట్టెననియు, తన కన్నీటిని భద్రపరచెననియు నమ్మెను. చీమకుర్తినుండి మత్తూరునకు, రాతి షెడ్డునుండి ఇంటికి ముప్పది యేండ్లు వేసిన అడుగులు ఏ ఫోనులోను లేవు. మన సంఘములలో ప్రతివారికిని అట్టి అడుగులున్నవి.

ఇక దూరదేశములనున్న పిల్లలతో ఒక మాట. ఈ పదివేలు ఎక్కడనుండి వచ్చినవి? 1964లో టోక్యో ఒలింపిక్సు జరిగిన మరుసటి యేడు, అనగా 1965లో, జపానులో యమసా అను సంస్థ నడుమునకు కట్టుకొను అడుగుల కొలమానమును అమ్మెను. దాని పేరు మాన్‌పో-కెయ్. పదివేల అడుగుల మాపకమని అర్థము. అమ్మకము కొరకు పెట్టిన పేరది. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ అను పరిశోధకురాలు తన సహచరులతో కూడ సగటున 72 యేండ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీల లెక్కలను ప్రచురించెను. దినమునకు సుమారు 2,700 అడుగులు వేసినవారికంటె సుమారు 4,400 వేసినవారిలో మరణములు తక్కువగా కనబడెను. 7,500 దాటిన తరువాత అంతకుమించిన మేలు కనబడలేదు. ఆ తల్లి మొదటి నెలలో నిజముగా వేసిన నాలుగున్నర వేలు మంచి లెక్కయే. "ఇంతేనా?" అను మాట ఆ మంచి లెక్కను చిన్నదిగా చేసెను.

అడుగులకు హద్దు పెట్టుట క్రొత్త కాదు. అపొస్తలుల కార్యములు 1:12లో చెప్పిన విశ్రాంతిదినపు ప్రయాణమును యూదుల బోధకులు 2,000 మూరలుగా లెక్కించిరి, కిలోమీటరైనను ఉండదు. అది మించకూడని లెక్క. ఇప్పటిది తగ్గకూడని లెక్క. తగ్గకూడని లెక్క అనగానే నిర్గమకాండము అయిదవ అధ్యాయము జ్ఞాపకము వచ్చును: గడ్డి ఇయ్యలేదు గాని ఇటుకల లెక్క మాత్రము తగ్గనీయలేదు. ఈ కుమారుడు ఫరో కాడు. తల్లిని ప్రేమించువాడే, లేనియెడల ఆ రాత్రి అట్లు ఏడ్వడు. అయితే ప్రతి రాత్రి అడుగుల సంగతి అడిగెను గాని కాళ్ల సంగతి అడుగలేదు.

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాసితిమి. ఇప్పుడు మా సంగతి. మన సంఘములు యేటేట అసోసియేషనుకు నివేదిక పంపును: సభ్యులెందరు, ఆదివారపు సగటు హాజరెంత, బాప్తిస్మములెన్ని. రెండేండ్లు మేము సగటు హాజరు అను గడిలో క్రిస్మస్ హాజరును వ్రాసితిమి. నిజమైన సగటు దానిలో సగము కూడ లేదు. పోయిన యేటికంటె తగ్గినదని వ్రాయుటకు సిగ్గుపడితిమి. మన యౌవనస్థులు అనేకులు తెలుగు చదువ నేర్వక, పాటలు అర్థము గాక, బెంగుళూరులోని ఆంగ్ల ఆరాధనలకు పోయిరి. కొందరు ఎక్కడికిని పోవుటలేదు. మేము నిజము వ్రాసియుంటే సహోదర సంఘములు ఎవరినైనను పంపియుండును, యౌవనస్థుల కొరకు కూటములు పెట్టియుండును, కనీసము ప్రార్థించియుండును. మేము పదునాలుగు వేలు చూపితిమి గనుక ఎవరును కాలు చూడరాలేదు.

అంకెలంటే మనకు ప్రీతి కలుగుటకు కారణమున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పిల్లలకు కూడ కంఠస్థము. అయితే దానికి ముందటి సంగతిని మనము తక్కువగా చెప్పుదుము. కరవు రోజులలో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక భాగమును కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. కూలి కొరకు, గంజి కొరకు జనులు మతమునకు వచ్చిరను మాట రాకుండునట్లు యేడాదికి పైగా బాప్తిస్మములు ఆపివేసిరి. అడిగినవారిని కనిపెట్టుమనిరి. ఆ నెలలలో ఆయన అమెరికాకు పంపిన నివేదికలో బాప్తిస్మముల గడి ఎట్లుండెనో ఊహించుకొనుడి. దావీదు జనసంఖ్య వ్రాయుమన్నప్పుడు యోవాబువంటి కఠినుడే వద్దని బ్రతిమాలెను; క్లౌ దొరగారికి యోవాబు అక్కర లేకపోయెను. ఈ సంవత్సరపు నివేదికలో మేము నిజమైన హాజరును వ్రాసి, పాత రెండేండ్ల తప్పును కూడ క్రింద వ్రాసి పంపితిమి. ఇతర సంఘముల కాపరులు తమ తమ నివేదికలను ఒకసారి తీసి చూచుకొనవలెనని మా మనవి.

ఆ తల్లి పుండు మానుటకు రెండు నెలలు పట్టినది. కుమారుడు సెలవు పెట్టి వచ్చి పది దినములుండి పోయెను. ఉద్యోగము పోలేదు. పోవునప్పుడు పదివేలు తీసివేసి మూడు వేలు పెట్టెను. ఇప్పుడు రాత్రి ఫోనులో మొదట కాలు చూపుమనును. ఆమె నవ్వుచు కెమెరాను అరికాలికి పట్టును.

పోయిన గురువారము కూటమునకు మేము మత్తూరు పోగా, లెక్క దిగుటలేదని ఆమె ఫోను మా చేతికిచ్చెను. ప్రక్క ఇంటి పిల్లవాడు ఆటలాడుకొనుచు బ్లూటూత్ ఆపియుండెను. మరల వేసి, రెండును బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి కొద్దిసేపు కనిపెట్టితిమి. అంకె వచ్చెను: 1,940. "ఇంతే అయ్యగారూ, నిన్నటినుంచి మోకాళ్ళు పట్టేసినాయి. అదే చెప్తాను వాడికి" అని చెప్పి, ఆమె టీ పెట్టుటకు లోపలికి పోయెను.